పది గజాల తెల్లగుడ్డ

అనకాపల్లి,
10-10-1946, గురువారం.

చెల్లెలు సర్వర్ జహాన్‌కి,

నీ అన్న వలి దువా చేసి రాయడం ఏమనగా, ఇక్కడ నేనూ, నా రంగు కాగులూ, వాటి కింద పొయ్యీ అందరం బాగానే ఉన్నాం. నువ్వూ మీ ఆయనా చల్లగా ఉండాలని రోజూ కోరుకుంటున్నాను. మీ అత్తగారు అమీరున్నీసా గారికి నా సలాములు చెప్పు. ఆవిడ మోకాళ్ల నొప్పులు తగ్గాయో లేదో ఈసారైనా రాయి.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఈ గొడవ నక్కపల్లి దాకా వచ్చేసిందని చదివి తల పట్టుకున్నాను. ఉప్పూ చింతపండూ దొరకని ఊళ్లకి కూడా ఈ కబురు మాత్రం బస్సెక్కి పోతోంది. నువ్వు రెండు సంగతులు అడిగావు. త్రినాధరావు మామ నిజంగా శవం గుడ్డ కాజేశాడా అని ఒకటి. నాన్న పోయాక మనకి అన్నం పెట్టినవాడి మీద ఇంత నింద పడుతుంటే నేను నోరు విప్పనేమిటని రెండోది. నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు. రంగు పొట్లాల మీది కాయితాలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి, వాటితోనే నీకూ నేర్పినవాణ్ణి. రోజూ పుస్తకంలో ఫలానావారి చీర, ఫలానా రంగు అని రాసుకోవడం తప్ప మరో రాత తెలీదు. అయినా వరసగా రాస్తాను.

గుడ్డ కంట్రోలు సంగతి నీకు తెలిసిందే. పెళ్లికి గుడ్డ చీటీ కావాలంటే అర్జీ పెట్టి నెలా రెండు నెలలు కాచుకోవాలి. శవానికి చుట్టే కఫన్‌కి అయితే ఆ పూటే ఇస్తారు. శవం కాచుకోదు కదా. మన వార్డులో ఆ చీటీల మీద సంతకం పెట్టే కమిటీ మెంబరు మన బెల్లం కొట్టు త్రినాధరావు మామ. మన ఎదురింటి గుల్జార్‌బీని ఫిబ్రవరిలో బండిలో పడుకోబెట్టి బుచ్చయ్యపేటలో కూతురింటికి తీసుకుపోయారు, నీకు గుర్తుండే ఉంటుంది. మళ్లీ తిరిగి రాదనే వీధంతా అనుకుంది. ఏప్రిల్‌లో ఆవిడ పేరున కఫన్ చీటీ రాశారు. పది గజాల తెల్ల మల్లు గుడ్డ. పోయినవాళ్ల పేరు రేషను రిజిస్టరులో కొట్టేయాలి కాబట్టి కొట్టేశారు.

ఆగస్టులో ఆవిడ నడిచి వచ్చింది.

కిరసనాయిలుకి డబ్బా పట్టుకుని వెళితే కొట్టువాడు రిజిస్టరు చూసి, నువ్వు ఏప్రిల్‌లోనే పోయావు కదమ్మా అన్నాడట. ఆవిడ తిన్నగా నా గుమ్మంలోకే వచ్చి డబ్బా దబ్బున పెట్టి కూచుంది. అరే వలీ, నేను సచ్చిపోయేనట్రా, ఎదురింట్లో ఉన్నావు, నాలుగు కన్నీటిబొట్లయినా కార్చేవా లేదేట్రా అంది. అందరూ మూగారు. నా కఫన్ ఎవడో ఎత్తుకుపోయేడు, రేపు నిజంగా పోతే మళ్లీ చీటీ ఇత్తారేటి, ఓసారి ఇచ్చేసేం కదా మళ్లీ ఎందుకు సచ్చేవంటారు అంది. చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

మామూలు రోజుల్లో అయితే పేరు మళ్లీ రిజిస్టరులోకి ఎక్కించుకుంటే తీరిపోయేది. కానీ మునిసిపల్ ఎలక్షను వచ్చిపడింది. మామ మన వార్డుకి నిలబడ్డాడు. ఆయనకి పోటీగా నూనె వ్యాపారి సన్యాసిరావు నిలబడ్డాడు. ఇక చూడు. పది గజాల గుడ్డ సెప్టెంబరుకల్లా వంద గజాలైంది. దసరాకి రెండు బేళ్లైంది. విశాఖపట్నంలో అమ్మేశాడని ఒకడంటాడు. కాదు, తుమ్మపాలలో ఎవరో ఆడమనిషికి చీరలుగా పెట్టాడని ఇంకొకడంటాడు. ఆవిడెవరని అడిగితే నలుగురు నాలుగు పేర్లు చెబుతారు. అందులో ఒకావిడ మామ కంటే ముందు తరం మనిషి.

సత్తియ్య కాఫీ హోటల్లో ప్రశాంతంగా దోసె తినే యోగం కూడా పోయింది. మొన్న పక్క బల్లమీది మనిషి, మా నాయనమ్మకి కప్పిన గుడ్డ అరగజం తక్కువొచ్చింది, అదీ త్రినాధరావు కత్తిరింపే అయ్యుంటాది అన్నాడు. ఆవిడ పోయి పదేళ్లయింది. అప్పుడు కంట్రోలెక్కడిదయ్యా అని నోటిదాకా వచ్చింది. దోసె తిని వచ్చేశాను. అక్కడ కూచున్న పదిమందిలో ఒక్కడైనా ఆ మాట అడగలేదు. తలలూపారు.

ఇంతలో ఎవరికో తెలివి వచ్చింది. తెల్లగుడ్డని తెల్లగా అమ్మితే పట్టుకుంటారు కాబట్టి రంగు వేయించే ఉంటాడట. మన వీధుల్లో రంగు వేసేది వలి. వలి రోజూ పుస్తకం రాస్తాడు. అంతే, అందరి కళ్లూ నా పుస్తకం మీద పడ్డాయి.

మొదట సన్యాసిరావే వచ్చాడు. గొడుగు ముడిచి బల్ల మీద కూచుని, ఏటి వలీ, ఏప్రిల్ పేజీలు నాలుగు సూపిత్తే నీ సొమ్మేటి పోద్ది, నువ్వు నోరిప్పక్కర్లేదు, నేనే సదువుకుంటాను అన్నాడు. చూపించనన్నాను. దాత్తన్నావంటే ఉన్నట్టే కదేటి అని గొడుగు తీసుకుని లేచాడు. వెళ్లేవాడు ఊరికే వెళ్లకుండా, ఎండలో ఆరేసిన చీరల్ని ఒక్కొక్కటీ ఎత్తి చూసుకుంటూ వెళ్లాడు. పసుపు చీర మీద వేలిముద్రలు పడ్డాయి. మళ్లీ ముంచాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే సత్తియ్య వచ్చాడు. వాడు మామ వైపు. బావా, ఆయన గుడ్డేదీ ఏప్రిల్‌లో నీ కాడికి రాలేదని నీ పుత్తకమే సెప్పాల, ఆ పేజీ ఇలా ఇయ్యి, అచ్చేయించి గోడలకి అంటిత్తాను అన్నాడు. వాడికీ ఇవ్వనన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, నీకు కూడెట్టిన సెయ్యి బావా అది, మర్చిపోకు అని వెళ్లిపోయాడు. అప్పట్నించి హోటల్లో నాకు కాఫీ గ్లాసు విసిరినట్టు పెడుతున్నాడు.

సన్యాసిరావు నెలరోజులు అరిచి చేయలేని పని నేను చూపించనన్న ఒక్క మాట చేసింది. వలి పుస్తకం దాచాడంటే త్రినాధరావుని కాపాడడానికే అని ఊరు తీర్మానించేసుకుంది. ఎవరో మామ గుమ్మానికి తెల్లగుడ్డ పీలిక కట్టి పోయారు. కనకమహాలక్ష్మి అత్త పొద్దున్నే చూసి, విప్పి, మడిచి, ఎవరిదో వాళ్లొచ్చి పట్టుకుపోతారని అరుగు మీద పెట్టిందట. గుడ్డకి ఇంత కరువున్న రోజుల్లో పారేయడానికి ఆవిడకి చేతులు రాలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్లు ఆవిడ బిందె పక్కన బిందె పెట్టడం లేదు.

పోయిన ఆదివారం బజారులో మీటింగు జరిగింది. నేనూ వెనకాల నిలబడ్డాను. ఆ చీటీ కోసం నీ దగ్గరికి వచ్చినవాడెవడని మామని నిలదీశారు. మామ లేచి, సంతకం నాది, మనిషి పోయిందా లేదా అని ఇల్లు సూసి రాకుండా ఎట్టేను, తప్పు నాదే అన్నాడు. వచ్చింది ఎవడో సెప్పవయ్యా అని అరిచారు. గుర్తు లేదన్నాడు. నవ్వులే నవ్వులు. మరి నవ్వరా? పదేళ్ల కిందట ఎవరి బండిలో ఎన్ని బెల్లం దిమ్మలు వచ్చాయో చెప్పే మనిషి, ఆరు నెలల కిందటి మొహం గుర్తు లేదంటే ఎవరు నమ్ముతారు? ఒక్క పేరు. ఒక్క పేరు చెబితే తీరిపోయేదానికి ఇంత మొండితనం ఏమిటని నాకు ఒళ్లు మండింది.

మంగళవారం ఆయన మన కొట్టుకి వచ్చాడు. పుస్తకం సంగతి ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. సెల్లెలు బాగుందేట్రా అల్లుడూ, ఉత్తరం రాత్తందా అన్నాడు. రాస్తోందన్నాను. సల్లగా ఉండాల అని, మరుగుతున్న ఎర్రకాగు వంక కాసేపు చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. మనిషి సగమయ్యాడు.

వచ్చే బుధవారం ఓట్లు. అంతకు ముందు ఈ ఆదివారం ఇంకో మీటింగు ఉంది.

నువ్వడిగిన మొదటిదానికి జవాబు, కాజేయలేదు. రెండోదానికి ఏం రాయను? నాకు నలుగురిలో మాటలు పెగలవని నీకు తెలుసు. బక్రీదుకి మీరిద్దరూ తప్పకుండా రండి. మీ ఆయన్ని అడిగానని చెప్పు.

నీ మంచి కోరే అన్న,
వలి.

తా.క. కవరు అంటించి, కాగు కింద మంట పెట్టి వచ్చి, మళ్లీ చింపాను. ఇది నువ్వొక్కదానివే ముందు చదువు.

ఆ గుడ్డ తెచ్చింది నేనే.

నీ పెళ్లి బట్టల జోడా మేమే తెస్తామన్న మీ అత్తగారు, ఎక్కడా గుడ్డ దొరకలేదు, మీరే చూసుకోండని అయిదు రోజుల ముందు కబురు పెట్టారు. నీకు చెప్పలేదు. అమ్మ పాత చీరతో నిన్ను కూచోబెట్టడానికి మనసొప్పలేదు. మామ దగ్గరికి వెళ్లి పెళ్లి చీటీ అడిగాను. ఈ నెల కోటా అయిపోయిందిరా, నీకని ఇంకొకడి వంతు తియ్యలేను అన్నాడు. మర్నాడు మళ్లీ వెళ్లి, గుల్జార్‌బీ పోయిందని బుచ్చయ్యపేట నించి కబురొచ్చింది, గుడ్డకి నన్ను అడగమన్నారని చెప్పాను. మామ తువ్వాలుతో కళ్లు తుడుచుకుని సంతకం పెట్టాడు. ఇంకేమీ అడగలేదు. ఆవిడ ఎలాగూ ఇవాళో రేపో అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆరు గజాలు నీ చీర. నాలుగు గజాలు నీ తల మీది ఓణీ. తెలుపు ఎక్కడా తొంగిచూడకుండా మూడుసార్లు ముంచాను. పెళ్లినాడు మామ నిన్ను చూసి, ఎంత సక్కటి ఎరుపేశావురా అని మురిసిపోయాడు. గుల్జార్‌బీ తిరిగొచ్చిన రోజే ఆయనకి అంతా అర్థమై ఉంటుంది. కొత్త కోడలు కఫన్ కట్టుకుని నిఖా చేసుకుందని నిన్నెవరూ అనకూడదని, ఆయన ఊరి చేత దొంగ అనిపించుకుంటున్నాడు. నేను నోరు విప్పనిదీ నీకోసమేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. పైన ఇంతమందిని తిట్టి, చదువుకుని చూసుకుంటే, నా భయమంతా నా మొహం గురించే.

నిన్న గుల్జార్‌బీకి చెప్పాను. చెంబు విసిరింది. భుజానికి తగిలింది. తనే లేచి చెంబు తీసుకుంది. తరవాత, రంగు బాగా పట్టిందేట్రా అని అడిగింది. పట్టిందన్నాను. పిల్ల నవ్విందేట్రా ఆ రోజు అంది. నవ్విందన్నాను. సరేలే, నా గుడ్డ పెళ్లి సూసింది, మరి నాకేటి కప్పుతావురా ఎదవా అంది. ఈ ఏటికి నా వంతు వచ్చిన గుడ్డంతా ఆవిడ పెట్టెలో పెట్టి వచ్చాను.

ఆదివారం పుస్తకం పట్టుకుని మీటింగుకి వెళతాను. ఏప్రిల్ పదిహేడో తారీకు వరస చదువుతాను. తెల్ల మల్లు, పది గజాలు, ఎరుపు, మా ఇంటిది. మామకి నోటితో అబద్ధం ఆడాను గాని, అది పుస్తకంలో రాయడానికి చెయ్యి రాలేదు. ఆ తరవాత కేసు పెడతారో, కొట్టు మూయిస్తారో, మామకి ఓట్లు పడతాయో లేదో నాకు తెలీదు. ఆయన గుమ్మానికి కట్టిన పీలిక మాత్రం నా గుమ్మానికి రావాలి.

ఈ ఉత్తరం శనివారం నీకు అందుతుంది. ఆదివారం సాయంత్రానికి నక్కపల్లికి కబురు వచ్చేస్తుంది. ఎవరో వచ్చి చెప్పేలోగా మీ అత్తగారికి నువ్వే చదివి వినిపించు. జోడా గురించి ఆవిడ పంపిన కబురు సంగతి మీటింగులో ఎత్తనని చెప్పు. ఎవరడిగినా ఎత్తను.

ఆ చీర కట్టుకోవడమో మానడమో నీ ఇష్టం. దాచుకుంటే మాత్రం ఎండ తగలకుండా దాచు.