కుర్చీ గోడకెందుకు జరిపావో తెలిసింది

కోడలికి మామ దీవెనలు. ఆరేళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట రాస్తున్నాను. నేను హాలు మధ్యలో కుర్చీ వేసుకుంటే నువ్వు రోజూ దాన్ని గోడ పక్కకు జరిపేదానివి. పాత బీరువాలా నన్ను మూలకు నెట్టావనే అలిగి కూతురింటికి వచ్చేశాను.

ఇక్కడ హాలు నడిమధ్యనే కూర్చున్నాను. ఆదివారం మధ్యాహ్నం అల్లుడి ఆఫీసరు వచ్చి నా ఎడమ పక్కన కూర్చున్నాడు. కళ్లు తెరిచేసరికి ఆయన ఒళ్లో ఉన్నాను. "పడుకోండి పెద్దాయనా, ఫరవాలేదు" అన్నాడు. వెంటనే కుర్చీ తిరగేసి చూశాను. నలభై ఏళ్లు వడ్రంగం చేసినవాణ్ణి, నాలుగు కాళ్లూ సమంగానే ఉన్నాయి.

"కుర్చీ కాదు నాన్నా, కునుకు పడితే నువ్వే ఎడమకి ఒరిగిపోతావు. అందుకే వదిన గోడ పక్కన వేసేది. చెబితే, నేను పగలు నిద్రపోతానా అని ఇల్లు పీకి పందిరేస్తావని ఊరుకుంది" అంది నీ ఆడపడుచు.

పగలు నేను నిద్రపోను. అది అలా ఉంచు. తప్పు నాదే, ఈ మాట రెండోసారి రాయను.

వంటింటి తలుపు ఇంకా నేలకు ఒరుసుకుంటోందా? మీ ఆయన్ని ముట్టుకోనివ్వకు, చెడగొడతాడు. నేనొచ్చి చిత్రిక పడతాను. పిల్లలకు ముద్దులు.

నన్ను రమ్మంటావో వద్దంటావో శుక్రవారంలోగా జవాబు రావాలి. రాకపోతే రమ్మన్నట్టే లెక్క, శనివారం పొద్దుటి బస్సుకు దిగుతాను.