అక్కడక్కడా జల్లులు

సెప్టెంబర్ 9

మా వాతావరణ ఆఫీసులో శరదృతువు ఔట్‌లుక్, అంటే వానల ముందస్తు అంచనా, రాసే పని ఈసారీ నా నెత్తినే పడింది. నిరుడు "అక్కడక్కడా తేలికపాటి జల్లులు" అని రాశాను. తప్పేమీ లేదు. ఆ అక్కడక్కడా అన్నది అక్క ఇటుకబట్టీ మీదే పడింది.

ఆ రోజు పొద్దునే ఫోన్ చేసి, ఆరబెట్టిన పచ్చి ఇటుకలు కప్పమంటావా అని అడిగింది. అక్కర్లేదన్నాను. మధ్యాహ్నానికి అన్నీ మట్టిముద్దలు. టార్పాలిన్ లాగబోయి అక్క జారిపడింది. కుడిచెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. పదకొండు నెలలుగా మాటల్లేవు. తిట్టినా బాగుండేది.

సెప్టెంబర్ 11

ఒక్క లైనూ రాయలేదు.

సెప్టెంబర్ 13

ఒక కంప్యూటర్ మోడల్ ఈసారి పొడి అంటోంది. ఇంకొకటి ముసురంటోంది. "ఏ జల్లు ఎక్కడ పడేదీ ముందురోజు కూడా కచ్చితంగా చెప్పలేం" అని రాశాను. మా ఆఫీసు పెద్దసారు కొట్టేశారు. చెప్పలేమని చెప్పడానికి ఓ ఆఫీసెందుకమ్మా అన్నారు. మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టేశారు. మూడోసారి, నీ మొండితనానికో దండం అంటూ సంతకం పెట్టారు.

సెప్టెంబర్ 24, ఉదయం 7:40

బావ ఫోన్. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు. యార్డు నిండా పచ్చి ఇటుకలున్నాయట, కప్పితే ఆరవు, కప్పకపోతే భయం. నలభై శాతం ఛాన్స్ అన్నాను. ఆ నలభై మా మీదా, పక్కూరి మీదా అని అడిగాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. వెనక నుంచి, ఎవరితో ఆ గుసగుసలు అని అక్క గొంతు. కాల్ కట్.

సెలవు పెట్టి బస్సెక్కాను.

అదే రోజు, సాయంత్రం

ఇటుకల యార్డులో అక్క నా వైపు తిరగలేదు.

"మబ్బులు చూడ్డానికి ఇంతదూరం రావాలా? మీ ఆఫీసుకి కిటికీల్లేవా?"

దారంతా ఏవేవో మాటలు కూర్చుకున్నాను. అవన్నీ వదిలేశాను.

"ఇవాళ పడుతుందో లేదో నాకు తెలీదక్కా. ఆ రోజూ తెలీదు. తెలిసినట్టు చెప్పాను."

అక్క మట్టి చేతులు చీరకి తుడుచుకుంది. తర్వాత టార్పాలిన్ ఒక కొస నా మీదికి విసిరింది.

"పట్టుకో. వదిలావంటే చంపేస్తా."

ఎడమచేత్తో అక్క లాగుతుంటే ఇటువైపు నేను. నలభై వరసలు కప్పేసరికి అయిదయింది. చినుకైనా రాలలేదు. ఎండ పేలిపోతోంది. బావ తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాడు. అక్క ఆకాశంకేసి చూసి, నా మొహం చూసి, నీళ్ళ చెంబు ఇచ్చింది.

సెప్టెంబర్ 25

ఎండ. నడుం పట్టేసింది.

అక్టోబర్ 2

అక్క ఫోన్ చేసింది. అరగంట మాట్లాడుకున్నాం. ఇక్కడ కురుస్తోంది. అక్కడెలా ఉందో తను చెప్పలేదు, నేనడగలేదు.