బట్టలు ఆరేసే తాడు

సార్‌కు నమస్కారం. మీ పాత జట్టులో స్మాషర్లకు బంతి ఎత్తి ఇచ్చినదాన్ని. మీరు పొట్టీ అని పిలిచేవారు.

మహిళల వాలీబాల్ లీగు మళ్లీ పెడుతున్నారని, జట్టు ఎంపిక మీదేనని పేపర్లో చదివాను. నా దగ్గరే ఉంటున్న మా అన్నయ్య కూతురు నర్సు చదువు మధ్యలో మానేసి మీ దగ్గరకు వస్తానంటోంది. దయచేసి వద్దని చెప్పండి. నా మాట వినడం లేదు.

"నువ్వు ఆడలేదా అత్తా?" అంటుంది.

ఆడాను. ఉన్న ఉద్యోగం వదులుకుని మరీ ఆడాను. రెండో ఏడు సగంలో లీగు మూతపడితే మనకెవరూ చెప్పలేదు. పొద్దున్నే వెళ్లేసరికి అద్దెకిచ్చినవాళ్లు నెట్టు విప్పుకుపోతున్నారు. మీరు స్తంభాలకు తాడు కట్టి, "నెట్టు పోతే పోయింది, ఎత్తు తెలుసుగా, కానివ్వండి" అన్నారు. మర్నాడు మ్యాచ్ ఉందనుకుని సాయంత్రం దాకా ఆడాం. ఈ సంగతి చెప్పి భయపెడదామనుకుంటే, "భలే సారే అత్తా!" అని ముచ్చటపడింది.

ఇప్పుడు నాది ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి ప్యాకింగ్ చేసే పని. ఇంటికొచ్చేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. నిన్న బట్టలు ఆరేయబోతే తాడు అందలేదు. మా పిల్ల దాన్ని పైకి కట్టేసింది. తిట్టుకుంటూ మునివేళ్ల మీద లేచి చెయ్యెత్తితే వేళ్ల కొసలు తగిలాయి. సరిగ్గా నెట్టు ఎత్తు.

విప్పి కిందికి కడదామనుకున్నాను. కట్టలేదు. స్టూలు ఎక్కి ఆరేశాను.

వద్దనే మాట దాని ఆట చూశాకే చెప్పండి సార్.

మీ
పొట్టి