అమ్మ చేతికి వాచీ

అమ్మా,

ఒంట్లో బాగానే ఉంది, బెంగపడకు. నేను పనిచేసే ఆస్పత్రిలో సెలవు మాత్రం ఇంకా ఇవ్వలేదు. నీకు రోజూ పెట్టుకునే వాచీ కొన్నాను, పెద్ద అంకెలది. తోలు పట్టీ తడికి పాడవుతుందని చైనుది తీసుకున్నాను. "చైను ఎంత తగ్గించాలి?" అని కొట్టాయన అడిగితే నా చేతికే పెట్టి చూసుకున్నాను. పక్కనున్న పెద్దావిడ, "మీ అమ్మ నా అంత ఉంటుందా?" అంటూ చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకున్నాక వదలబుద్ధి కాలేదు. "ఉండనీలే తల్లీ" అంది.

నీ మణికట్టుకు దారం చుట్టి, ఆ కొలత పంపు, చైను తగ్గించి వాచీ పంపిస్తాను. అంట్లు తోమేటప్పుడు వాచీ తీసెయ్యి, చెమట పొడిగుడ్డతో తుడువు. నాన్న దగ్గు తగ్గిందా? చెల్లికి ముద్దులు. వాచీ ఎప్పుడైనా ఆగిపోతే అక్కడెవరికీ ఇవ్వకు, దాచిపెట్టు. ఆ వంకతోనైనా నేనే వస్తాను.

నీ పెద్దమ్మాయి