సాబ్ వదిలేసిన నా చేప

డిసెంబర్ 1990, శుక్రవారం రాత్రి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. ఇంజనీర్ సాబ్ వేటకు బయలుదేరితే వంటకు నేను, బండి నడపడానికి రాజన్న వెంట వెళ్లాం. పొద్దున ఈ గల్ఫ్ దేశపు సోహార్ పట్నం అవతలి కొండల్లో సాబ్ మూడు కౌజు పిట్టలను కొట్టాడు. మధ్యాహ్నం సముద్రం ఒడ్డున సన్నటి గాలం కర్ర నా చేతికిచ్చి, "ట్రై కరో" అన్నాడు. ఎర లేదు. కొక్కేనికి ఈకలు చుట్టి పురుగులా చేశారు, అంతే. ఒక్క వానపామునైనా పెట్టకుండా చేపను మోసం చేయడమేమిటి?

ఊళ్లో వల విసిరినట్టు భుజమంతా తిప్పి విసిరాను. దారం నా తల తువ్వాలకే చుట్టుకుంది. సాబ్ పడీపడీ నవ్వాడు. నాలుగోసారి మణికట్టుతో విసిరితే మూరెడు చేప పడింది!

కొత్త వలలో పడ్డ మొదటి చేపను నాయిన ఎప్పుడూ అమ్మలేదు. గంగమ్మకు మొక్కి ఇంట్లోనే పులుసు పెట్టించేవాడు. నేను మొక్కేలోపే సాబ్ దాన్ని నీళ్లలోకి వదిలేశాడు. "బేచారా, జానే దో."

"మేరా మచ్లీ హై సాబ్!" అని అరిచాను.

రాజన్న నా మోచెయ్యి గిల్లాడు. "ఊకో మల్లేశూ, మల్ల ఇటుకలు మోయ సైటుకు పంపుతడు."

చేప మీద అంత జాలిపడ్డ మనిషి, ఆ తడి చేత్తోనే కౌజు పిట్టలను నా ముందు పడేసి ఈకలు పీకమన్నాడు.

వచ్చే శుక్రవారం కూడా రావాలట. చేపలు పట్టడం నేర్పిస్తాడట. నాకు!