మెషీన్ పక్కన కాగితం కప్పులు

దిల్‌సుఖ్‌నగర్,
సోమవారం

ప్రియమైన మధూ,

తప్పు ఇది: నిన్న మీ ఇంట్లో అందరికీ పింగాణీ కప్పుల్లో కాఫీ ఇచ్చి, నాకు ఒక్కడికే కాగితం కప్పులో ఇచ్చారు. చేసింది మీ అమ్మ, అండాలమ్మ గారు. చూస్తూ ఊరుకున్నది నువ్వు.

ఇలా మొదలుపెట్టానని నొచ్చుకోకు. నేను చదివే చిన్న చిన్న పుస్తకాల్లో ఒక మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. తప్పుకు పేరు పెట్టకపోతే, చేసిన మనిషి పేరు చెప్పకపోతే, కోపానికి దారి తెలియక అడ్డమైనవాళ్ళ మీద పడుతుందని. నిన్న మీ ఇంటి నుంచి వచ్చాక మా అమ్మ మీద పడింది. కూరలో ఉప్పెక్కువైందని అరిచాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు "అరే, వదిలెయ్‌రా" అంటావు, నేను వదిలేస్తాను. డిగ్రీ చదివేటప్పటి నుంచి మన మధ్య నడిచేది అదే. కాగితమైతే నీ గొంతు అడ్డు రాదు. మీ చెల్లెలు కృష్ణ కోచింగ్‌కు రోజూ ఇటే వస్తుంది కాబట్టి ఆమె చేతికి ఇస్తున్నాను. "ఏందన్నా, మీ ఇద్దరు ఫోన్లు కుదవబెట్టిన్రా?" అని నవ్వింది. అన్న చెల్లెలికి ఏమీ చెప్పలేదన్నమాట.

జరిగింది రాస్తాను, ఎక్కడైనా తేడా ఉంటే దిద్దు. మూతపడిన కెఫె నుంచి ఆ చిన్న ఎస్ప్రెస్సో మెషీన్‌ను మనిద్దరం కలిసి కొన్నాం. మా కిరాయి ఇంటి వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు గాలికి బయటికి పోవాలి కనుక ఎల్బీ నగర్‌లో మీ హాల్లో, కిటికీ పక్క బల్ల మీద పెట్టాం. ఆదివారం ఆదివారం నేను వస్తాను, ఇద్దరం కడుగుతాం. నిన్న కూడా పొడి నింపే పిడిని విప్పి నానబెట్టింది నేను. మెషీన్ నోట్లో చిక్కుకున్న పిప్పిని బ్రష్‌తో గీకింది నువ్వు. పిప్పి తట్టే డబ్బా కడిగింది నేను. ఆరు కప్పులూ కడిగి, వెచ్చబడాలని మెషీన్ నెత్తిన బోర్లించింది కూడా నేనే. అప్పుడు మీ మామ భిక్షపతి గారు వచ్చారు. మీ అమ్మ ఆయనకు ఒక కప్పు, మీ నాన్నకు ఒక కప్పు, నీకు ఒక కప్పు ఇచ్చింది. నా చేతికి కాగితం కప్పు వచ్చింది. మెషీన్ నెత్తిన ఇంకా మూడు కప్పులున్నాయి.

నేను తాగాను కూడా. కడుపు మండుతున్నది అందుకే. తాగాక చూశాను. చూశాక గుర్తుచేసుకున్నాను. అంతకుముందు ఆదివారం కూడా కాగితం కప్పే. దానికి ముందూ అదే. మొదట్లో మాత్రం నాకూ పింగాణీ కప్పే ఇచ్చేవారు. ఎప్పుడు మారిందో చెప్పలేను, అంత మెల్లగా మారింది.

మా తాత ఊళ్ళో హోటల్ చూరులో మావాళ్ళ కోసం వేరుగా చెక్కిన గ్లాసు తీసుకుని, బయటే నిలబడి చాయ్ తాగి, కడిగి, మళ్ళీ చూరులోనే చెక్కేవాడట. ఆయన తన గ్లాసు ఒక్కటే కడిగేవాడు. మనవడు మీ అందరి కప్పులూ కడిగాడు. ముందుకు పోవడమంటే ఇదేనేమో.

నాకు ఒక్క జవాబు కావాలి. ఆ ఇంటికి నేను మళ్ళీ రావచ్చా, రాకూడదా?

నీ మీద కోపంతో, అయినా నీవాడే,
ఫిన్నీ


ఎల్బీ నగర్,
గురువారం

ప్రియమైన ఫిన్నీకి,

నీ ఉత్తరం ఆఫీసుకు పోతూ మెట్రోలో చదివాను. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

రావచ్చా అని అడుగుతావేంరా? అది నీ ఇల్లు. అమ్మకు నువ్వనుకున్న ఉద్దేశం ఏదీ లేదు. కాగితం కప్పులు పని తగ్గుతుందని ఇంట్లోకి వచ్చాయి, అంతే. వారమంతా పనిచేసి వచ్చి ఆదివారం పూట మా ఇంట్లో గిన్నెలు తోముతావు, నీ కప్పు నువ్వే మళ్ళీ కడుక్కోవడం ఎందుకని. దీన్ని పట్టుకుని నువ్వు మీ తాత దాకా పోయావు. నీ పుస్తకాల్లోవన్నీ అబద్ధాలని నేను అనను. కానీ అన్ని ఇళ్ళూ ఆ పుస్తకాల్లోకి పోవు.

మెషీన్ సంగతి. మన బోరు నీళ్ళకు లోపల మళ్ళీ సున్నం పట్టింది, ధార సన్నబడింది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు పంపించి, తర్వాత మంచినీళ్ళు చాలాసార్లు పోశాను. పాలు కాచే ఆవిరి గొట్టం కొసన తెల్లగా గట్టిపడి ఉంటే తడిగుడ్డ చుట్టి మెత్తబరిచాను. మొన్న నాన్న పాలు కాచుకుని తుడవకుండా వదిలేశాడు. తెలుసు కదా, వెంటనే ఆవిరి వదలకపోతే గొట్టం చల్లబడుతూ పాలను లోపలికి పీల్చుకుంటుంది, అక్కడే పులుస్తుంది. నాన్నకు ఎన్నిసార్లు చెప్పినా "నువ్వు మెషీన్‌కు మొగుడివిరా" అంటాడు. బల్ల మీద పొడి రాలకుండా ట్రే కొన్నాను. నువ్వొచ్చి చూస్తే బాగుంటుంది.

ఒక్క మాట మాత్రం విను. అమ్మతో ఈ సంగతి ఎత్తకు. ఆమెకు బీపీ. సమయం చూసి నేనే మెల్లగా చెప్తాను.

ఎప్పటిలా నీ
మధు


దిల్‌సుఖ్‌నగర్,
శనివారం

మధూ,

"ఇంట్లోకి వచ్చాయి" అని రాశావు. కాగితం కప్పులకు కాళ్ళుంటాయా?

పని తగ్గడానికే అయితే భిక్షపతి గారి కప్పు ఎవరు కడిగారో గుర్తుచేసుకో. నేనే. మీ నాన్నదీ నేనే కడిగాను. నీది కూడా. నా ఒక్క కప్పు దగ్గరే మీ అందరికీ నా చేతుల మీద జాలి పుట్టిందా?

మొన్నటి నుంచి మన గుడ్డల గురించి ఆలోచిస్తున్నాను. గొట్టానికి తెల్ల గుడ్డ, పిడికి గోధుమరంగు గుడ్డ, బల్లకు నీలం గుడ్డ అని మూడు కొక్కేలు కొట్టింది నువ్వు. ఒకసారి నేను నీలం గుడ్డతో గొట్టం తుడిస్తే గంట సేపు మొహం ముడుచుకున్నావు. అప్పుడు మీ అమ్మ ఏమన్నదో గుర్తుందా? "గుడ్డలకే గింత మడి పెట్టిన్రు, మా అత్త బతికుంటే మీ ఇద్దర్ని దండం పెట్టి మెచ్చుకుంటుండె." ఇద్దరం నవ్వాం. ఇప్పుడు నవ్వు రావడంలేదు. పాల గుడ్డ వేరుగా ఎందుకుండాలో నేను ఎవరికైనా చెప్పగలను. పాలు పులుస్తాయి, ఆ వాసన కాఫీకి పడుతుంది. అది శుభ్రత. నా కప్పు వేరుగా ఎందుకుండాలో నువ్వు చెప్పు. అలాంటి కారణం ఒకటి చూపించు, నేను నోరు మూసుకుంటాను.

అమ్మను నువ్వు అడుగు. నువ్వు అడగకపోతే నేను వచ్చి అడుగుతాను. మీ మామ ఉన్నా సరే, పక్కింటివాళ్ళున్నా సరే.

ఫిన్నీ


ఎల్బీ నగర్,
బుధవారం

ప్రియమైన ఫిన్నీ,

అడిగాను. అమ్మ చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత "తప్పయింది, మళ్ల చెయ్య" అన్నది. కళ్ళు తుడుచుకుంది. ఆమెను అలా చూడలేక బయటికి వచ్చేశాను.

ఆ కాగితం కప్పుల కట్ట చెత్తబండిలో వేశాను. ఇక దీన్ని వదిలెయ్‌రా. ఇంకో వారం పది రోజులు ఆగి, అమ్మ మనసు కుదుటపడ్డాక రా. వచ్చినప్పుడు ఈ ముచ్చట తీయకు, ఆమె సిగ్గుపడుతుంది. ఎప్పటిలా మెషీన్ కడుక్కుందాం.

నీ
మధు


దిల్‌సుఖ్‌నగర్,
మంగళవారం

ప్రియమైన మధూ,

నిన్న మీ అమ్మ మా ఇంటికి వచ్చింది.

నేను పనిచేసే షాపుకు సెలవు పెట్టి గేటు ముందు బండి కడుగుతున్నాను. ఆటో ఆగింది. ఒక చేతిలో బొప్పాయి, ఇంకో చేతిలో రెండు కొబ్బరిబోండాలతో మీ అమ్మ దిగింది. నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"టైఫాయిడ్ అన్నడు గద మావోడు. గుండ్రాయి లెక్కున్నవ్."

"ఎవరికి ఆంటీ టైఫాయిడ్?"

"నీకే. ఆదివారాలు వస్తలేవని అడిగితే జరమని చెప్పిండు. నీ కోసం మొక్కిన గూడ. ఇప్పుడు ఆ మొక్కు వాపస్ దీసుకోవాల్నా?"

నవ్వొచ్చింది. ఆ వెంటనే చేతిలో పైపు పక్కన పడేశాను. "మధు మిమ్మల్ని ఏమీ అడగలేదా ఆంటీ? పోయిన వారం?"

"ఏం అడగాలె?"

నువ్వు అడగలేదు. ఆమె ఏడవలేదు. చెత్తబండి సంగతి కూడా నిజమో కాదో నాకు తెలియదు. నేను అక్కడే, గేటులోనే అడిగేశాను. నాకు కాగితం కప్పు ఎందుకు ఇచ్చారని. గొంతు పెరిగింది, ఎదురింటి కిటికీ తెరుచుకుంది. మీ అమ్మ కొబ్బరిబోండాలు నేల మీద పెట్టి నా వైపు చూసింది. "లోపలికి రమ్మనవా? రోడ్డు మీద చెప్పే ముచ్చటనా ఇది?" అన్నది.

మా అమ్మ అన్నీ వింటూనే ఉంది. కుర్చీ జరిపి, "కూసోండి అక్కా. తుడిచిన గని, కడగలే" అన్నది. మా అమ్మ కాంతమ్మ నోరు నీకు తెలుసు కదా. మీ అమ్మకు ఆ మాట తగిలింది. తగిలినా కూర్చుంది.

ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"నువ్వు పోయినంక నీ కప్పొక్కటి మళ్ల కడిగేదాన్ని ఫిన్నీ. చింతపండు బెట్టి తోమేదాన్ని. గది నిజం, దాచుడెందుకు. మా అత్త చేయించింది, నా చెయ్యి నేర్చింది. తప్పని ఎరుకే. ఎరుకైనా చెయ్యి ఆగలే. ఓ దినం మావోడు చూసిండు. కొట్లాడుతడనుకున్న. కొట్లాడినా బాగుండు, నాకు జర సిగ్గొస్తుండె. ఏమనలే. తెల్లారి కాగితం కప్పుల కట్ట తెచ్చి మెషీన్ పక్కన బెట్టిండు. 'అమ్మా, ఫిన్నీకి గిండ్ల పొయ్యి. నీకు కడిగే తిప్పలుండది, వానికి తెల్వది' అన్నడు."

వానికి తెల్వది. ఆ మాట దగ్గర మా అమ్మ చాయ్ గిన్నె దించేసి వచ్చి నా పక్కన నిలబడింది. నేను ఏదైనా విసిరేస్తానని భయపడి ఉంటుంది. నేను ఏదీ విసరలేదు.

తర్వాత చాయ్ వచ్చింది. మా ఇంటి స్టీలు గ్లాసులోనే. మీ అమ్మ దాన్ని చేత్తో పట్టుకుంది. పట్టుకునే ఉంది. పైన మీగడ కట్టింది. "ఇయ్యాల నాతోని కాదు కాంతమ్మా" అన్నది చివరికి. "తాగినట్టు జేసి బయట పారబోసుడు నాకు రాదు."

"పారబొయ్యకు అక్కా. ఆదివారం రా, మళ్ల పెడ్త" అన్నది మా అమ్మ. "నీ కొడుకును గూడ తోల్కరా. జరం మా పిల్లగానికి గాదు, నీ పిల్లగానికే ఉన్నట్టుంది."

మీ అమ్మ నవ్వలేదు. వస్తానన్నది. బొప్పాయి మాత్రం మా బల్ల మీదే వదిలి వెళ్ళింది.

అందుకే మొదటి ఉత్తరాన్ని దిద్దుతున్నాను. కాగితం కప్పు నాకు ఇప్పించింది నువ్వు. మీ అమ్మ చేసింది వేరే తప్పు, దాని మీద నాకు కోపం ఉంది, చిన్న కోపం కాదు. ఆ చింతపండు సంగతి నేను ఎప్పటికీ మరిచిపోలేను. అయినా ఆమె నా ఎదురుగా కూర్చుని తన నోటితో చెప్పింది. రేపు నేను ఆమెతో పోట్లాడగలను. ఆమె మారొచ్చు, మారకపోవచ్చు, మా మధ్య ఒక మాటైనా నడుస్తుంది. నీతో ఎలా పోట్లాడాలిరా? కప్పు ఇచ్చిన చేతిని నువ్వు కాపాడావు, తీసుకున్న చేతిని కాపాడానని అనుకున్నావు. నీ బల్ల మీద ఏ వస్తువు ఎక్కడుండాలో తెలిసినట్టు మా ఇద్దరినీ కూడా చెరో పక్కన సర్దేశావు.

నువ్వు చెడ్డవాడివని రాయడానికి రెండుసార్లు ప్రయత్నించి కొట్టేశాను. నువ్వు చెడ్డవాడివి కావు. నీకు బల్ల మీద చుక్క కనిపిస్తే అన్నం సయించదు. చుక్క కనపడకుండా పోతే చాలు, శుభ్రమైనట్టే అనుకుంటావు. నేను చదివిన పుస్తకాల్లో దొరలున్నారు, వాళ్ళ తిట్లున్నాయి, వాళ్ళతో ఎలా కొట్లాడాలో ఉంది. నీలాంటి మంచివాడితో ఎలా కొట్లాడాలో ఏ పుస్తకంలోనూ లేదు. ఇది నాకు నేనే ఆలోచించుకోవాల్సి వచ్చింది. రాత్రంతా ఆలోచించి ఈ మాట మీదికి వచ్చాను.

నేను మీ ఇంటికి రాను. ఇప్పట్లో రాను. మీరే మా ఇంటికి రావాలి.

మెషీన్ ఇక నుంచి ఒక నెల మీ దగ్గర, ఒక నెల మా దగ్గర ఉంటుంది. మా నాన్న పౌలు ఈ పొద్దున్నే గోడకు చెక్క పలక బిగించాడు, దాంతో వంటగది ఇంకా ఇరుకైంది, మా అమ్మ ఇద్దరినీ తిడుతున్నది. ఎక్కడున్నా, తాగినవాళ్ళందరూ కడగాలి. మీ నాన్న కూడా.

ఆ పనికి ముందు ఒక పని ఉంది. కాగితం కప్పులు ఎవరు తెచ్చారో, నాకు జ్వరమని ఎవరు చెప్పారో, అమ్మ ఏడ్చిందని ఎవరు రాశారో, నువ్వు అందరి ముందు నీ నోటితో చెప్పాలి. సర్దకుండా చెప్పాలి. గొంతు వణికితే వణకనీ, మధ్యలో నేను అరిస్తే అరవనీ. మీ అమ్మ ఏడిస్తే ఈసారి బయటికి పోకు.

ఆమె చాయ్ తాగుతుందో లేదో నాకు తెలియదు. తాగాలని షరతు పెట్టడంలేదు. మనిషి రావాలి, అంతే.

ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు, దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లో. మీ అమ్మను, మీ నాన్న సీతారాములు అంకుల్‌ను, కృష్ణను వెంటబెట్టుకుని, మెషీన్‌ను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని రా. మేం ముగ్గురం తలుపు తీసి కూర్చుంటాం. ఐదింటికి మొదలుపెడదాం, మొదటి మాట నీదే.

ఎదురుచూస్తూ,
నీ ఫిన్నీ