నాయన మీద దురాయి

మంగళవారం, రాత్రి

నేను వేరే కులం అతన్ని చేసుకున్నందుకు మా మత్స్యకారుల పల్లె పెద్దలు నాయన మీద దురాయి వేశారు. ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరూ ఆయనతో మాట్లాడరు, పనికి కలవరు. ఇష్టపడి పెళ్లి చేసుకోవడం రాజ్యాంగమిచ్చిన హక్కని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. మొన్న నేను వేసిన కేసులో హైకోర్టు కూడా అదే మాట చెప్పి, ఈ వెలి చెల్లదంది. ఆ తీర్పు తీసుకుని, కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని ఈ రోజు పల్లెకు పోయాను.

తీర్పు చదివి వినిపిస్తే, పల్లె పెద్దలకు నాయకుడైన పెద్దకాపు ఓపిగ్గా అంతా విన్నాడు. "కోర్టు మాట కాదనేదానికి మేమెవరమ్మా? మీ నాయన్ని పడవ దించొద్దని ఎవురన్నా అడ్డం పడినారా?" అన్నాడు.

నిజమే, ఎవరూ అడ్డం పడలేదు. కానీ ఇసుక మీది పడవను నీళ్లలోకి దించాలంటే పదిమంది పట్టాలి. ఆ పదిమందీ అక్కడే కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. నన్ను భుజాన మోసి పెంచిన మేనమామ కూడా తలెత్తలేదు. ఆయన్ని చెయ్యి వెయ్యమని ఏ కోర్టును అడగను?

కానిస్టేబుల్ వెళ్లిపోయాక నాయన లేచి పంచె ఎగ్గట్టాడు.

"చదివినావు గదమ్మా. ఇంక రా, నువ్వో పట్టు పట్టు."

ఇద్దరం భుజాలు ఆనించి తోశాం. పడవ కదల్లేదు. మా కాళ్లే ఇసుకలో దిగబడ్డాయి.